సింగపూరు పోయే కాయలు

సింగపూర్‌లో కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో తెలుగువాళ్ళు ఎవరు ఎదురైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మీది ఏ టెక్నాలజీ?" నేను "టమోటా" అనేదాన్ని. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు అదేదో కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అనుకుని తల ఊపేవాళ్ళు. ఒకాయనైతే దానికి హైదరాబాదులో కోచింగ్ ఎక్కడిస్తున్నారని కూడా అడిగాడు. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం ఉందని లోకమంతా హడావిడి పడుతున్న కాలం అది. మా ఆయన ఆ గండం పుణ్యమా అని ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని మీద ఇక్కడికి వచ్చాడు. ఆయన వెనక నేను వచ్చాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది, పక్కవాళ్ళకి కూడా ఎక్కిస్తాను. అందుకని నా ఫుడ్ టెక్నాలజీ చదువు పట్టుకుని నాలుగు చోట్ల తిరిగి, జురాంగ్ ఈస్ట్ అవతల ఒక సాస్ ఫ్యాక్టరీలో, క్వాలిటీ ల్యాబ్‌లో చేరాను.

సాస్ ఫ్యాక్టరీకి టమోటాలు రావని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. వచ్చేది గుజ్జు. కాయలు పండిన చోటే వాటిని ఉడికించి, నీళ్ళు ఇగరగొట్టి, గాలి సోకని సంచుల్లో నింపి, ఇనప డ్రమ్ముల్లో పెట్టి ఓడెక్కిస్తారు. మేం దాన్ని పలచన చేసి, పంచదార, ఉప్పు, వెనిగర్, వెల్లుల్లి చేర్చి సీసాల్లో పోస్తాం. చిక్కదనం ఎంత, ఎరుపు ఎంత, బూజు పట్టిన కాయ కలిసిందా, పురుగుమందు ఏమైనా మిగిలి ఉందా అని చూడటం నా పని. అన్నీ సరిపోయాక ఆ గుజ్జుతో కొంచెం సాస్ వండి, కొందరం కూర్చుని రుచి చూసేవాళ్ళం. ప్యాకింగ్‌లో పనిచేసే మలయ్ అక్క ఒకామె, తమిళ ఆంటీ ఒకామె, మా క్వాలిటీ మేనేజర్ ఆ పనికి ఎప్పుడూ ఉండేవారు. మేనేజర్ చైనీయుడు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. అందరం అంకుల్ అనేవాళ్ళం. సరేనంటే 'కెన్ లా', కుదరదంటే 'కెనాట్ లా' అనే రెండు ముక్కలతో ఆయన ఫ్యాక్టరీ మొత్తాన్ని నడిపేవాడు.

మా ఊరు మదనపల్లె పక్కన. ఎంత దూరం పోయినా టమోటా నన్ను వదల్లేదని అందరూ ఆటపట్టించేవాళ్ళు. నిజానికి టమోటా పిచ్చి నాది కాదు, మా తమ్ముడిది. వాడు వ్యవసాయం డిగ్రీ చదివాడు. మా చుట్టాల్లో వాడి ఈడు కుర్రాళ్ళందరూ అమీర్‌పేటలో గదులు తీసుకుని ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో పడిపోయారు. వాణ్ణి కూడా పొమ్మని ఇంటిల్లిపాదీ చెవినిల్లు కట్టుకుని పోరారు. నేనూ ఫోన్‌లో పోరాను.

"నాకు కుర్చీలో కూర్చోని చేసే పని రాదక్కా. ఎండలో తిరక్కపోతే నాకు నిద్ర పట్టదు" అనేవాడు.

మా ఊరికి దగ్గర్లో కొందరు కలిసి టమోటా గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ పెడితే, రైతుల్ని చూసుకునే ఉద్యోగంలో చేరిపోయాడు. పాత మోటార్ సైకిల్, నెత్తిన తువ్వాలు, జేబులో ఒక మడతచాకు. వాడికి పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు ఆ అవతారం చూసి వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

మా వైపు రైతుకి టమోటా అంటే మండీ. మండీ నుంచి లారీలో మద్రాసుకో, ఇంకా పైకో పోవాలి కాబట్టి కాయ దోరగా ఉండగానే కోసేస్తారు. గట్టిగా, నున్నగా, కొంచెం మాత్రం రంగు తిరిగిన కాయ తెచ్చినవాడే మంచి రైతు. గుజ్జుకి ఆ కాయ పనికిరాదు. చెట్టు మీదే నిండా పండాలి, లోపల గింజ చుట్టూ కూడా ఎరుపెక్కాలి. ఏళ్ళ తరబడి దోరకాయ కోసిన చేతుల్ని ఆపడం మాటలు కాదు. తమ్ముడు తోట తోటకీ పోయి, గట్టి కాయనీ పండిన కాయనీ చాకుతో అడ్డంగా కోసి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. ఒకసారి సెలవులో వెళ్ళినప్పుడు వాడి బండెక్కి నేనూ తిరిగాను.

ఆ పల్లెల్లో కోతకు పోయే ఆడవాళ్ళకి పెద్ద దిక్కుగా ఒకామె ఉండేది. భర్త పోయాడు. కొంచెం చేను ఉంది. ఒక్కడే కొడుకు తిరుపతిలో కంప్యూటర్ చదువు చదువుతున్నాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా మేం అత్తా అని పిలిచేవాళ్ళం. ఆమె ఒక పని చెయ్యమంటే ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషీ ఎందుకని అడిగేది కాదు. నేను వెళ్ళిన రోజు తమ్ముణ్ణి గట్టు మీద నిలబెట్టి కడిగేస్తోంది.

"ఏం నాయినా, ఇంత మెత్తంగా పండబెట్టినాక కోస్తే ఎవురు కొంటారు? చెయ్యి పెడితే గుజ్జయిపోతా ఉండాది."

"గుజ్జు కావాలనే గదత్తా మేము చూసేది" అన్నాడు వాడు. "మిషనుకి మెత్తకాయే ఇష్టం, ముసలోళ్ళ మాదిరి."

ఆమె పకపకా నవ్వింది. నవ్వి, వాడి నెత్తి మీద తువ్వాలు లాగి దాంతోనే వాడి మొహం మీది చెమట తుడిచింది. మాకిద్దరికీ రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. వాడు తింటూ ఉంటే నాతో అంది: "నీ తమ్ముడు సెప్పినాడని మండీని ఇడిసిపెడతా ఉండాం తల్లీ. మా మొగోళ్ళు వద్దంటే నేనే అందరికీ సెప్పి ఒప్పిస్తిని. ఈ అబ్బోడు మాటంటే మాటే."

వాడికి పొలం పుట్రా ఏమీ లేదు. ఆ పల్లెల్లో వాడికి ఉన్నదంతా ఆ మాటే. ఏ ఇంటి ముందు బండి ఆపినా ఇంత ముద్ద తినకుండా కదలనిచ్చేవాళ్ళు కాదు. నాకు చాలా అసూయగా అనిపించింది. నన్ను సింగపూర్‌లో మేముండే చోవా చూ కాంగ్‌లో మా ఎదురు ఫ్లాట్ వాళ్ళు కూడా సరిగ్గా గుర్తుపట్టరు.

ఆ తర్వాత అంకుల్ ఒకే దేశం గుజ్జు మీద ఆధారపడటం మంచిది కాదని కొత్త చోటు వెతకడం మొదలుపెట్టాడు. నేను మా వైపు సంగతి చెప్పాను. తమ్ముడి ఫ్యాక్టరీ నుంచి నమూనా తెప్పించాం. చిక్కగా, ఎర్రగా, పుల్లగా, మా నేల వాసనతో వచ్చింది. అంకుల్ చెంచా నాకి, చాలాసేపు ఆలోచించి, "కెన్ లా" అన్నాడు. షరతు ఒక్కటే పెట్టాడు: కోతకి ముందు కొన్ని వారాల పాటు తోటలో ఏ మందూ కొట్టకూడదు. మొదటి సరుకు బాగుంటే ఏటా తీసుకుంటామని, బాగాలేకపోతే మళ్ళీ ఆ వైపు చూసేది లేదని కూడా ముందే చెప్పాడు.

ఆ షరతుని తమ్ముడు ఊరూరా మోశాడు. పురుగు కనబడితే మందు డబ్బా మీదకి పోయే చెయ్యిని ఆపుకోవడం రైతుకి ఎంత కష్టమో మా ఊళ్ళ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అయినా అందరూ మాట నిలబెట్టుకున్నారు. పురుగు పట్టిన కాయని చేత్తో ఏరి పారేశారు. ఆ పంటకి 'సింగపూరు పోయే కాయలు' అని పేరే పడిపోయిందని, పిల్లల్ని చేలోకి కూడా రానివ్వడం లేదని, ఆడవాళ్ళు చేతులు కడుక్కుని కోతకి దిగుతున్నారని తమ్ముడు ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు. వాడి గొంతులో అంత సంతోషం నేను అంతకు ముందు వినలేదు, తర్వాత కూడా వినలేదు.

డ్రమ్ములు వచ్చాయి. నేనే మొదటి సంచి కోశాను. చిక్కదనం బ్రహ్మాండం. ఎరుపు, మేం అప్పటిదాకా చూసిన ఏ గుజ్జుకీ లేనంత. బూజు లేదు. పురుగుమందు వెతికితే మచ్చుకి కూడా లేదు. ల్యాబ్‌లో వాళ్ళందరినీ ఆ మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి లాక్కెళ్ళాను. టిష్యూ ప్యాకెట్లు పరిచి బల్ల మొత్తం మాదేనని చోప్ చేసి, ఎవరికి ఏం కావాలంటే అది తినిపించాను. మలయ్ అక్క "ఈరోజు మకాన్, తిండి ఖర్చంతా మీదా, ఏం పండగ?" అని అడిగింది. మా తమ్ముడి పండగ అన్నాను.

రుచి చూడటం మర్నాడు పెట్టుకున్నాం. చెంచా నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది. ముందు పులుపు, తర్వాత తీపి, మింగాక నాలుక వెనక సన్నగా, వదలకుండా ఒక చేదు. నేను తల ఎత్తలేదు. మిగతా వాళ్ళకి తెలియకుండా ఉంటే బాగుండునని చిన్నపిల్లలా దేవుడికి మొక్కుకున్నాను. తమిళ ఆంటీ మొహం ముడుచుకుని "కసప్పు" అంది. మలయ్ అక్క నీళ్ళు తాగి "పాహిత్" అంది. రెండింటికీ అర్థం చేదనే. అంకుల్ మళ్ళీ వండించాడు, వేరే డ్రమ్ములోది తెమ్మన్నాడు, ఇంకోటి తెమ్మన్నాడు. కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో ఎక్కువ, అసలు లేనిది దాదాపు లేదు. వట్టి గుజ్జు తింటే ఆ పులుపులో చేదు దాగిపోతోంది. పంచదార పడి పలచనవగానే బయటపడుతోంది.

అంకుల్ నా వైపు చూడకుండా "కెనాట్ లా" అన్నాడు. ఎప్పుడూ లేనిది, ఆ రోజు "సారీ" అని కూడా అన్నాడు. పనికిరాదని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టాను. మా వాళ్ళు కొందరు ఆ తర్వాత, సొంత తమ్ముడి సరుకుని కాదంటావా అని నన్ను నానా మాటలూ అన్నారు. పసిపిల్లలు అన్నంలో కలుపుకుని తినేది, చేదుగా ఉందని తెలిసి ఎలా పంపను? అదే గుజ్జు ఇవాళ వచ్చినా అదే సంతకం పెడతాను. దాని గురించి నన్నెవరూ అడగక్కర్లేదు.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. సరుకు చేదుగా ఉందని చెప్పాను. "చేదు ఎట్లా వస్తుందక్కా?" అన్నాడు వాడు. "నేను మొదటి రోజు గుజ్జు తిని చూసినా. బాగుండింది." నేను చెప్పాలా వద్దా అనుకుంటూనే, ఆ చేదు ఉగాది పచ్చడిలో చేదులా ఉందిరా అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులకి మళ్ళీ వాడే చేశాడు. జరిగింది ఇదీ. మొదటి రోజు కాయలు తక్కువ, వచ్చినవి వచ్చినట్టే మిషన్లోకి పోయాయి. మా దగ్గరికి వచ్చిన నమూనా కూడా అలాంటి రోజుదే. తర్వాత అన్ని తోటలూ ఒకేసారి పండాయి. చిన్న ఫ్యాక్టరీ, అంత కాయని ఒక్క పూటలో లాగలేకపోయింది. క్రేట్లు గేటు బయట వరస కట్టి ఒక రాత్రీ ఒక పగలూ నిలబడ్డాయి. నిండా పండిన కాయ, ఎండకి చిట్లుతుంది, ఈగ ముసురుతుంది, పురుగు చేరుతుంది. మందు కొట్టకూడదని మాట ఇచ్చి ఉన్నారు. మా వైపు ఆడవాళ్ళకి దేన్నైనా కాపాడుకోవాలంటే మొదట గుర్తొచ్చేది వేపాకు. రాగుల గాదెలో వేపాకు, పట్టుచీర మడతలో వేపాకు, బాలింత గుమ్మానికి వేపాకు. అత్త అందరికీ చెప్పింది. సింగపూరు పోయే కాయలకి పురుగు పడితే ఊరి పరువు పోతుందని, క్రేటు అడుగున, మధ్యన, పైన వేపరెబ్బలు దూసి పరిపించింది. తమ్ముడు అప్పుడు మిగతా తోటల కోతల్లో తలమునకలై ఉన్నాడు. చిట్లిన కాయకి ఆకు అంటుకుపోయింది. కడిగే తొట్టిలో కొంత తేలిపోయింది, తేలనిది కాయతోపాటే నలిగి, ఉడికి, ఇగిరింది.

"మరి పోయి చెప్పు" అన్నాను. "కంపెనీది తప్పు కాదు, నీది తప్పు కాదు, ఆకు వల్ల వచ్చిందని చెప్పు."

"చెప్పనక్కా."

"చెప్పక?"

"మొగోళ్ళు వద్దు వద్దంటే ఆడోళ్ళు ఒప్పించి పెట్టిన పంట. ఇప్పుడు వాళ్ళు పెట్టిన ఆకు వల్లే అంతా పోయిందని తెలిస్తే ఒక్క ఇంట్లోనన్నా వాళ్ళని బతకనిస్తారా? అత్తని ఊర్లో తిరగనిస్తారా? మొగుడు లేని మనిషి. నేనే సరిగ్గా చూసుకోలేదని ఫ్యాక్టరీలో చెప్పినా. ఊర్లో మాత్రం, కంపెనీ మాట మార్చిందని చెప్తా."

"వాళ్ళు నిన్ను నమ్మరు. డబ్బు తిని కంపెనీతో కలిసిపోయావంటారు."

"అననీ."

నేను అరిచాను. తిట్టాను. నీ బతుకు నువ్వే చెడగొట్టుకుంటున్నావు అన్నాను. పక్క గదిలోంచి మా ఆయన వచ్చి ఫోన్ తీసుకోబోయాడు. అంతలో తమ్ముడు అన్నాడు: "నువ్వు కూడా ఎవురికీ చెప్పొద్దు. నా మీద ఒట్టు." నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. వాడి మీద ఉంది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. ఫ్యాక్టరీ కాయలు కొనడం ఆపేసింది. తోటల్లో ఇంకా సగం పంట ఎర్రగా, వాడు పండబెట్టమన్నట్టే నిండా పండి ఉంది. మండీకి తీసుకుపోతే ఆ మెత్తకాయని ఎవరూ ముట్టుకోలేదు. 'సింగపూరోళ్ళు వచ్చినారే' అని ఎగతాళి చేసి పంపించారు. చెట్ల మీదే కాయలు కుళ్ళాయి. వాడు బండేసుకుని ఊళ్ళోకి పోతే మంచినీళ్ళు ఇచ్చినవాళ్ళు లేరు. అత్త తన గుమ్మంలో నిలబడి, అందరి ముందూ వాణ్ణి నిలదీసిందట. వాడు తల వంచుకుని నిలబడి, కంపెనీ వద్దనింది అత్తా, నేను ముందే కనుక్కోవాల్సింది అన్నాడట. ఉద్యోగం కూడా పోయింది.

అప్పుడు వాడు అమీర్‌పేట పోయాడు. అందరూ సంతోషించారు. ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందన్నారు. సాఫ్ట్‌వేర్ గాలి బాగా వీస్తున్న రోజులు, చదివినవాడికి చదివినట్టు ఉద్యోగాలు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ పని నేర్చుకుని, కొన్నాళ్ళు బెంగుళూరులో చేసి, ఒక కన్సల్టెన్సీ ద్వారా సింగపూరే వచ్చాడు. మా ఫ్లాట్‌లోనే ఒక గది ఇచ్చాం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఆఫీసు కార్డు తగిలించుకుని పాయా లేబర్‌కి రైలెక్కేవాడు. రైలు ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చేసరికి చీకటి పడేది. ఏ తెలుగింటికి భోజనానికి పోయినా 'తమ్ముడు సెటిలయ్యాడు కదమ్మా, అదృష్టవంతురాలివి' అనేవాళ్ళు. నేను అవునని తల ఊపేదాన్ని. ఊపి ఊపి మెడ నొప్పి పుట్టేది.

వాడు మారిపోయాడు. నవ్వకపోవడం కాదు, నవ్వేవాడు, మా పాపతో ఆడేవాడు. కానీ మా బాల్కనీలో నేను పెట్టిన నాలుగు కుండీల వైపు ఒక్క రోజు కూడా చూడలేదు. మొక్క వాడిపోతున్నా నీళ్ళు పొయ్యలేదు. సూపర్ మార్కెట్‌కి పోతే మాత్రం వాడికి తెలియకుండానే చెయ్యి టమోటాల మీదకి పోయేది. ఒక కాయ తీసి తిరగేసి తొడిమ దగ్గర చూసేవాడు, వెంటనే పెట్టేసేవాడు. ఒకసారి మా అమ్మాయి అడిగింది.

"మామా, అమ్మ చెప్పింది నువ్వు టొమాటో ఎక్స్‌పర్ట్ అని. రియల్లీ ఆ?"

"నో లా" అన్నాడు వాడు, దాని భాషలోనే. "మీ అమ్మకేం తెలుసు."

నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక శనివారం ఉదయం మా బ్లాకు కింద కూరగాయల దుకాణం దగ్గర, గద్వాల చీర కట్టుకుని, పైన స్వెటర్ వేసుకుని ఒక పెద్దావిడ ఆకుకూర కట్టలు తిప్పి తిప్పి చూస్తోంది. మొహం చూసి ఆగిపోయాను. అత్త. తిరుపతిలో చదివిన ఆమె కొడుకు ఇక్కడ ఉద్యోగం తెచ్చుకున్నాడట. కోడలి పురిటికని ఈమె వచ్చిందట. మా బ్లాకు నుంచి రెండు బ్లాకులు అవతలే వాళ్ళ ఇల్లు. నన్ను గుర్తుపట్టింది. ఆ గుర్తుపట్టడంతోపాటే ఆమె మొహంలో ఇంకో మనిషి కూడా గుర్తొచ్చినట్టు నాకు తెలిసింది. కానీ ఆ మాట ఎత్తలేదు. పరాయి దేశంలో ఊరి మనిషి కనబడితే ఎవరికి మాత్రం కోపం నిలుస్తుంది?

"ఈ ఊర్లో వేపాకు దొరకదా తల్లీ?" అని అడిగింది. "బిడ్డ పుట్టి పదినాళ్ళాయె. వాకిలికి కడదామంటే నా కొడుక్కి యాడ దొరికేదీ తెల్ల్యా."

వెనక బ్లాకు దగ్గర ఒక వేపచెట్టు ఉంది. రెండు రెబ్బలు తెంపి ఇచ్చాను. ఆదివారం మా ఇంటికి కాఫీకి రమ్మని పిలిచాను. తమ్ముడికి చెప్పలేదు. ఈసారి నేనే చెప్పేస్తానని నిశ్చయించుకున్నాను. ఆమె కొడుకు పెద్దవాడయ్యాడు, ఆమె ఇప్పుడు ఆ ఊరి మగవాళ్ళ నోటికి భయపడక్కర్లేదు. ఇంకెన్నాళ్ళు వాడు మోస్తాడు?

ఆమె వచ్చి సోఫాలో కూర్చుంది. నేనిచ్చిన వేపాకు మనవడి వాకిలికి కట్టానని ఆమె చెబుతూ, నేను కాఫీ కలపడానికి లేస్తూ ఉంటే తమ్ముడు లోపలి గదిలోంచి వచ్చాడు. ఆమెని చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత వచ్చి కాళ్ళకి దండం పెట్టబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నీ అక్క మంచిది గాబట్టి లేసి పోకుండా కూర్చోనుండా" అంది. గొంతు పెంచలేదు. "నా కొడుకు కంటే నిన్నే జాస్తి నమ్మితిని. ఆ కాయలికి ఈగ వాలకుండా, పురుగు ఎక్కకుండా, ఆడోళ్ళమంతా క్రేటుక్రేటుకీ వేపాకు పరిస్తిమి. బిడ్డని సాకినట్ట సాకి పంపిస్తిమి. అట్లాటి సరుకుని వద్దనిపిస్తివే. ఎవురి దగ్గర ఎంత తిన్యావో ఆ దేవుడికి తెల్సు."

"తప్పు నాదే అత్తా" అన్నాడు తమ్ముడు.

"అత్తా" అని నేను ముందుకి వచ్చాను. వాడు నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాడు.

"ఇంకా ఎందుకురా? ఇప్పుడు ఎవరికి నష్టం?" అన్నాను గుసగుసగా. నాకు ఏడుపొచ్చేస్తోంది.

"ఆమెకి" అన్నాడు. "ఆ యేడు ఆమెకి అంతా పోయిందక్కా. తన తట్టు నుంచి ఒక్క పొరపాటు కూడా జరగలేదనే నమ్మకం ఒక్కటే మిగిలింది. అది కూడా తీసేసుకుంటావా? నిన్నగాక మొన్న పుట్టిన మనవడి వాకిలికి వేపాకు కట్టుకోనుంది. ఇప్పుడు పోయి ఏమని చెప్తావు?"

నేను కాఫీ గ్లాసుల్లో పోశాను. నా చేతిలోంచి వాడే తీసుకున్నాడు. తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగలేదు. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంటే దాని జుట్టు నిమిరి, పేరేంది, ఏ తరగతి అని అడిగింది. అది అన్నిటికీ ఇంగ్లీషులో చెప్పింది. ఆమె అర్థమైనట్టే నవ్వింది. కాసేపటికి లేచింది.

"అత్తకి మోకాళ్ళు వాచినట్టుండాయి. లిఫ్ట్ దాకా పట్టుకోని పో అక్కా" అన్నాడు తమ్ముడు, నా వైపు తిరగకుండా.

ఆమె చెయ్యి పట్టుకుని కారిడార్‌లో నడిచాను. కిందకి చూస్తే ఆమెకి కళ్ళు తిరుగుతాయని గోడ పక్కన నడిపించాను. దారంతా నా నాలుక చివర ఆ మాట ఉంది. ఒక్క వాక్యం. చెబితే నా తమ్ముడు ఆమె కళ్ళలో మళ్ళీ మనిషవుతాడు. లిఫ్ట్ వచ్చింది. ఆమె లోపలికి అడుగుపెట్టి, మళ్ళీ వెనక్కి తిరిగి, తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, చాలా ప్రేమగా, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"తోడబుట్టినోడని పూరా నమ్మబాక తల్లీ. ఒక కన్నేసి పెట్టుకో. ఆ అబ్బోడు తియ్యంగా మాట్లాడతాడుగానీ, మాట మీద నిలబడే రకం కాదు."

"అట్లే అత్తా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.